ఢిల్లీ దాకా పోయిన కొర్రచేను

నందికొట్కూరు బ్యాంకులో నాది పంట అప్పుల సీటు. వారమంతా అడంగళ్లు, పాసుపుస్తకాలు, వేలిముద్రలు. ఆదివారం తెల్లారేసరికి మాత్రం రోళ్ళపాడు బీళ్లలో కెమెరా మెడకేసుకుని కూర్చునేవాణ్ణి. అప్పు తీసుకున్న రైతులు నన్ను చేలగట్ల మీద చూసి మొదట్లో ఉలిక్కిపడేవాళ్లు, బ్యాంకాయన పంట ఉందో లేదో తనిఖీకి వచ్చినాడేమోనని. పిట్టల కోసం వచ్చినానంటే నమ్మేవాళ్లు కాదు. "పిట్టలేంది సార్, నెలకు జీతమొచ్చే ఉద్యోగం పెట్టుకోని?" అని ఒకాయన మొహం మీదే అడిగినాడు. మా అమ్మ కూడా ఇదే అడిగేది, కాకపోతే కొంచెం మర్యాదగా.

ఇదంతా తొంభైల నాటి మాట. కువైట్ నుంచి వచ్చిన మిత్రుడి దగ్గర కొన్న పాత నికాన్ ఎఫ్ఎం2, హైదరాబాదు కోఠీలో బేరమాడి తెచ్చుకున్న నాలుగు వందల ఎంఎం లెన్సు. లెన్సు మంచిదే గానీ వెలుతురు తక్కువైతే మొండికేసేది. కర్నూల్లో కలర్ నెగెటివులు కడిగేవాళ్లు, స్లైడు ఫిల్ము మాత్రం కొనాలన్నా కడిగించాలన్నా హైదరాబాదే. ఈ కాలం పిల్లలు ఒక పిట్ట కూర్చుంటే అది ఎగిరేలోపు వంద ఫొటోలు తీస్తున్నారు. మాకు రీలుకు ముప్పై ఆరే. వేలు బటన్ మీద ఉన్నా మనసులో జీతం లెక్క నడుస్తుండేది.

రోళ్ళపాడు చూడనివాళ్లకు అదేం అడవి అనిపిస్తుంది. కర్నూలు మనుషులకు అడవంటే నల్లమల. అహోబిలం పోయేటప్పుడో, శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో బస్సు కిటికీలోంచి కనపడేది. ఇక్కడ చెట్టే లేదు. కనుచూపు మేర బోదగడ్డి, అక్కడక్కడా తుమ్మపొదలు, ఎర్రనేల ఒక చోట, నల్లరేగడి ఒక చోట. రెవెన్యూ కాగితాల్లో చాలా కాలం ఇట్లాంటి నేలలన్నీ ఎందుకూ పనికిరానివే. 1988లో దీన్ని అభయారణ్యం చేసినారు. మొత్తం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. గేటు దగ్గర నిలబడితే అవతలి కొస కనపడేటంత జాగా. అంత చిన్న దానికి అంత పేరెందుకంటే బట్టమేక పిట్ట వల్ల.

బట్టమేకను చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ గనక చెప్తాను. పుంజు నిలబడితే మీటరు ఎత్తు. పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువున్నవి ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కబెట్టేటన్ని. తెల్లటి పొడుగు మెడ, నెత్తిన నల్ల టోపీ, వీపంతా ఇసుక రంగు. గడ్డిలో కదలకుండా నిలబడిందంటే మన కళ్ల ముందున్నా కనపడదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దీన్ని మన జాతీయ పక్షిగా చెయ్యమని సూచించినాడు, 1963లో ఆ గౌరవం నెమలికి పోయింది. వానలు మొదలైనాక పుంజు ఎత్తైన ఒక దిబ్బ చూసుకుని పెట్టల కోసం ఆట మొదలు పెడుతుంది. గొంతు కింది తిత్తిలోకి గాలి నింపుకుంటే అది తెల్లగా ఉబ్బి కాళ్ల దాకా వేలాడుతుంది, తోక నడుం మీదికి నిక్కుతుంది, రెక్కలు జారవిడుస్తుంది. అప్పుడు ఒక మూలుగు వినపడుతుంది, ఖాళీ కుండలో మూతి పెట్టి ఊదినట్టు. అర కిలోమీటరు దూరం నుంచి కూడా చెవికి అందుతుంది. చెవి కంటే ముందు రొమ్ముకి తగులుతుందేమో అనిపించేది నాకు.

ఇవన్నీ నాకు చూపించింది అక్కడి వాచర్ పెద్దాయన. ఎనభైల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బట్టమేకల మీద పరిశోధనకు రోళ్ళపాడులో మకాం పెట్టినప్పుడు ఆయన వాళ్లకు తోడు తిరిగినాడట. బైనాక్యులర్ పట్టుకోవడం, నోటుబుక్కులో గీతలు గీసి లెక్క పెట్టడం అక్కడే నేర్చుకున్నాడు. చదువు లేదు. కానీ ఏ పుంజు ఏ దిబ్బ మీద ఆడుతుంది, నిరుడు ఏ పెట్ట ఏ పొలంలో గుడ్డు పెట్టింది, పిల్ల బతికిందా లేదా, అంతా నోటికే. చలికాలం సాయంత్రాలు గడ్డిలో దిగే పిల్లిగద్దలను ఒక్కొక్కటే లెక్కబెట్టేవాడు. "ఇవి మన దేశంవి కావంట సార్. మిడతలు తినను ఇంత దూరం వస్తాయంట. మన శనగచేన్లో మిడతలకు ఇంత గిరాకీ ఉందని నాకు తెలీదే" అని నవ్వేవాడు.

ఆయన ఒక్క దగ్గర మాత్రం కఠినం. బట్టమేక ఏడాదికి మామూలుగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. గూడు లేదు, పాడు లేదు, ఒట్టి నేల మీద. ఒక శ్రావణమాసం పెట్ట గుడ్డు మీద కూర్చుందని తెలిసి, ఒక్క ఫొటో, ఒకే ఒక్కటి అని బతిమాలినాను. బీడీ కింద పడేసి కాలితో నలిపి, "గుడ్డు కాడికి మాత్రం పొయ్యేది లేదు సార్. మనం పోతే అది లేస్తాది. అది లేస్తే కాకి చూస్తాది. మీకు ఫొటో మిగులుతాది, దానికేం మిగులుతాది?" అన్నాడు. అటవీ శాఖ పెద్దాఫీసరు డీఎఫ్ఓ వచ్చి అడిగినా ఇదే మాట చెప్పేవాడు, అది నేను కళ్లారా చూసినాను. ఆ ఉద్యోగానికి ఆయనకొచ్చే కూలి ఎంతో బ్యాంకు మనిషిగా నాకు తెలుసు. దాంతో పోలిస్తే ఆ మాట చాలా ఖరీదైంది.

ఊళ్లో అందరికీ ఆయనంటే ఇష్టమనుకుంటే పొరపాటు. అభయారణ్యం వచ్చినాక కృష్ణజింకలు విపరీతంగా పెరిగినాయి. వాటికి కంచె లెక్కలేదు, రాత్రికి రాత్రి మందలుగా దిగి జొన్న, శనగ మేసిపోయేవి. రైతులు రాత్రంతా మంచెలెక్కి డబ్బాలు కొట్టేవాళ్లు. పొద్దున అదే కళ్లతో నా బల్ల ముందుకొచ్చి కంతు గడువు అడిగేవాళ్లు. జింకను కొడితే జైలు. మేసిన పంటకు పరిహారమంటే ఏళ్ల తరబడి తిరగాలి. ఆ కోపం జింక మీద చూపలేరు గనక బట్టమేక మీద, వాచర్ మీద చూపేవాళ్లు. పిట్టల్ని కాపాడాలని పట్నాల్లో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఒక్క రాత్రి ఆ మంచె మీద పడుకుని ఉంటే ఉపన్యాసం కొంచెం మారేదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇక ఆ ఫొటో.

1996 వానాకాలం. ముందు రోజే పెద్దాయన కబురు పంపినాడు, పుంజు ఆట మొదలుపెట్టిందని. చీకటితోనే పోయి ఒక రైతు కొర్రచేను గట్టు మీద గోనెపట్టలతో కట్టిన గూట్లో దూరినాను. ఆ రైతు మా బ్యాంకు ఖాతాదారే. ముందు పూటే ఆయన్ను అడిగి పెట్టుకున్నాను. "కూర్చో సార్, కొర్రలు తొక్కొద్దు" అన్నాడు, అంతే. ముందు మోకాలెత్తు కొర్ర, దాని వెనక బండిదోవ, దాని అవతల బీడు, బీట్లో దిబ్బ.

మబ్బు విడవలేదు. వెలుతురు వచ్చీ రాకుండా ఉంది. మూలుగు వినపడుతోంది గానీ పిట్ట కనపడలేదు. గూట్లో నా పక్కనే కూర్చున్న పెద్దాయన నా తల పట్టుకుని కుడి పక్కకు తిప్పినాడు. అంత దూరాన దిబ్బ మీద ఒక తెల్లటి చుక్క. నా లెన్సుకు అది మరీ చిన్నది. దగ్గరికి వస్తుందేమోనని కాచుకున్నాను. రాలేదు. ఈలోపు చేను ఆ కొస నుంచి రైతు ఎద్దుల్ని కట్టుకుని గుంటక తోలడానికి వచ్చినాడు, "హో... హో" అని అదిలించుకుంటూ. అయిపోయింది, ఎగిరిపోతుంది అనుకుని కడుపు మండింది నాకు. పెద్దాయన నవ్వినాడు. "ఎద్దులకు బెదరదు సార్. మీరు లేచి నిలబడితే బెదురుతాది."

నిజంగానే కదల్లేదు. గుంటక వస్తోంది, పోతోంది. పుంజు తిత్తి ఊపుతోంది, మూలుగుతోంది. పూర్వం వేటగాళ్లు బట్టమేకలకు ఎద్దులబండ్ల మీదే దగ్గరయ్యేవాళ్లని పుస్తకాల్లో చదివింది అప్పుడు గుర్తొచ్చింది. అరవయ్యో వంతు సెకను షట్టరుతో, ఊపిరి బిగబట్టి, ఏదో ఒకటి అని కొన్ని తీసినాను. ముప్పావు వంతు మబ్బు, కింద పచ్చటి పట్టీ, మధ్యలో వంకరగా పోయే బండిదోవ, దాని చివర గోటంత పిట్ట. రైతూ ఎద్దులూ ఫ్రేముకు రెండడుగులు ఎడంగా ఉండిపోయినారు.

స్లైడ్లు వచ్చినాక ఇంట్లో ట్యూబులైటు మీద పాలగాజు పెట్టి చేసుకున్న డబ్బా మీద పరిచినాను. మా ఆవిడ ఆ స్లైడు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "పిట్ట యాడుంది?" అంది. చూపించినాను. "దీనికా ఇంత పొద్దున్నే లేచి పొయ్యేది?" అంది. నాకూ పెద్ద నచ్చలేదు. ఢిల్లీలో జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో అడవుల మీద ఫొటో ప్రదర్శన పెడుతున్నారని తెలిసి ఎంట్రీలు పంపేటప్పుడు, గాల్లోకి లేచిన కృష్ణజింకల్ని, గడ్డి మీద తేలుతున్న పిల్లిగద్దని నమ్ముకున్నాను. ఎన్ని పంపొచ్చో నిబంధన ఉంది గదా, సంఖ్య నిండాలని ఇది కూడా వేసినాను.

ఉత్తరం బ్యాంకు చిరునామాకే వచ్చింది. ఎంపికైంది గోటంత పిట్టే. జింకలూ లేవు, గద్దా లేదు. మేనేజరు ఉత్తరం చదివి, స్టాఫందరికీ మిర్చిబజ్జీలు తెప్పించి, తర్వాత సెలవు చీటీ మీద సంతకానికి మాత్రం రెండు రోజులు సతాయించినాడు.

ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోయినాను. ఆ మ్యూజియం మండీహౌస్ దగ్గర ఫిక్కీ భవనంలో ఉండేది. 1978 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాడు తెరిచినారట. విడి కట్టడం కాదు, ఒక ఆఫీసు భవనంలో కొన్ని అంతస్తులు. లోపల గడ్డి కూరిన జంతువులు, సీతాకోకచిలుకల పెట్టెలు, పిల్లలు చేతులు పెట్టి తాకి చూసే గది. బడి పిల్లలు వరసలు వరసలుగా వస్తున్నారు. హాల్లో హిమాలయాలు, కజిరంగా ఖడ్గమృగం, సుందరవనాల పులి, కేరళ వానకొండలు. అన్నీ గోడలంత ఠీవిగా ఉన్నాయి. వాటి మధ్య నా మబ్బు. స్లైడులో చూసినప్పుడు తెలియలేదు గానీ, అంత పెద్ద ప్రింటులో చూస్తే అంత ఖాళీలో ఆ పిట్ట ఒక్కటే నిలబడటం నన్నే ఆపేసింది. ఎంపిక చేసినవాళ్లకు నా కంటే మంచి కన్ను ఉంది. కింద చీటీ మీద ఇంగ్లీషులో, హిందీలో నా పేరు, పిట్ట పేరు, రోళ్ళపాడు, కర్నూలు జిల్లా, ఆంధ్రప్రదేశ్.

కాసేపు ఎవరో తెలియనట్టు పక్కన నిలబడినాను. ఒక టీచరమ్మ పిల్లల్ని తీసుకొచ్చి నా ఫొటో ముందు ఆపింది. మనిషి అడుగు పెట్టని చోట ప్రకృతి ఇట్లా ఉంటుంది అని హిందీలో చెప్తోంది. నాకు వచ్చిన హిందీ కర్నూలు వన్ టౌన్ హిందీ. ఉండబట్టలేక దాంతోనే కల్పించుకున్నాను. అమ్మా, ఈ పచ్చగా ఉన్నది గడ్డి కాదు, కొర్ర. ఇది బండిదోవ. ఈ ఫ్రేము పక్కన రెండడుగుల అవతల ఒకాయన గుంటక తోలుతున్నాడు. ఆయన మా బ్యాంకులో పంట అప్పు తీసుకున్నాడు, కంతు ఇంకా కట్టలేదు.

పిల్లలు పడీ పడీ నవ్వినారు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. "మరి పొలంలో ఉంటే ఇది అడవి పక్షి ఎట్లా అయింది?" అని అడిగింది. నిజంగా అడిగింది, వెక్కిరింపుగా కాదు. నాకు తెలిసిందే చెప్పినాను. ఇది అభయారణ్యంలో ఆడుతుంది, కానీ మేతకు మెట్టచేలల్లోకి పోతుంది. జొన్న, కొర్ర, వేరుశనగ కోసిన చేను, బీడు పెట్టిన చేను, మేకలు మేసిన గడ్డి, ఇవన్నీ కావాలి దానికి. మిడతలు, పురుగులు, గింజలు, రేగుపళ్లు తింటుంది. మనిషిని పూర్తిగా తీసేస్తే ఆ గడ్డి నిలువెత్తు పెరిగి పొదలై పోతుంది, అప్పుడూ ఉండదు. ఆమె తన పుస్తకంలో ఏదో రాసుకుంది. ఒక పిల్లవాడు మాత్రం, "అంకుల్, ఆయన అప్పు కట్టినాడా?" అన్నాడు.

తిరిగొచ్చినాక ప్రదర్శన కార్డు తీసుకుని రోళ్ళపాడు పోయినాను. పెద్దాయన నా పేరు పక్కన వేలు పెట్టలేదు. "మా ఊరి పేరు ఏది సార్?" అన్నాడు. చూపించినాను. ఆ అక్షరాల మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూసినాడు. ఆ కార్డు చాన్నాళ్లు ఆయన చొక్కా జేబులో బీడీకట్టతో పాటు ఉండేది. చేను రైతుకు కూడా చూపించినాను. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "నా ఎద్దులు యాడున్నాయి?" అన్నాడు. లేవన్నాను. "జింకల ఫొటో అన్నా పెట్టించింటే సర్కారుకు కనపడి నష్టపరిహారమన్నా వచ్చేది గదా సార్" అని కార్డు వెనక్కిచ్చినాడు.

తర్వాతి ఏళ్లు తొందరగా మారిపోయినాయి. పక్కనే అలగనూరు రిజర్వాయరు వచ్చింది. బోర్లు వచ్చినాయి. జొన్న, కొర్ర పోయి పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు వచ్చినాయి. మందులు కొట్టడం పెరిగింది, మిడతలు తగ్గినాయి. ఆ బోర్ల కాగితాలు, పైపులైన్ల కాగితాలు నా బల్ల మీది నుంచే పోయినాయి. ఏ కాగితమూ నేను ఆపలేదు, ఆపి ఉండాల్సిందనీ అనను. కొర్ర క్వింటాలుకు ఏమొచ్చేదో, పత్తికి ఏమొచ్చేదో నాకు తెలుసు. నీళ్లు వచ్చిన రోజు ఆ ఇళ్లల్లో ఎట్లా ఉండేదో కూడా చూసినాను. కొర్ర పండించినందుకు ఆ రైతుకు ఎవరైనా ఎకరాకు ఇంత అని ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. గేటు లోపలి గడ్డిని కాపాడ్డానికి డబ్బులున్నాయి, గేటు బయటి చేనుకు లేవు. ఆరు చదరపు కిలోమీటర్లలో పిట్టను పెట్టి తాళం వేస్తే అది నిలుస్తుందని ఎట్లా అనుకున్నారో.

ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక లేదు. కృష్ణజింకలున్నాయి, చలికాలం పిల్లిగద్దలు వస్తున్నాయి. దేశం మొత్తం మీద అడవిలో మిగిలిన బట్టమేకలు నూట యాభై లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్ జైసల్మేర్ ఎడారిలో. అక్కడ కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయని సుప్రీంకోర్టు దాకా పోయింది, 2021లో తీగలు భూమిలోకి వెయ్యమని చెప్పింది. అంత బరువుతో ఎగిరే పిట్టకు ఎదురుగా ఉన్న తీగ సమయానికి కనపడదు, కనపడినా చప్పున తిరగలేదు. మన దగ్గర కూడా గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. అప్పటికే అడ్డుపడటానికి ఇక్కడ పిట్ట లేదు. ఆ ఢిల్లీ మ్యూజియం 2016 ఏప్రిల్‌లో కాలిపోయింది. టీవీలో మంటలు చూస్తుంటే నా ఫొటో గుర్తు రాలేదు, ఆ తాకి చూసే గది గుర్తొచ్చింది. 2022 నుంచి రోళ్ళపాడు నంద్యాల జిల్లా. కాబట్టి ఆ చీటీ మీద రాసిన చిరునామా కూడా ఇప్పుడు చెల్లదు.

పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య ఆయన మనవడు ఫోన్ చేసినాడు. సోలార్ ప్లాంట్లో సెక్యూరిటీ ఉద్యోగమట. ఊరి బడిలో పెట్టడానికి బట్టమేక ఫొటో కావాలట, పెద్ద సైజులో. స్లైడు బయటికి తీస్తే మబ్బు భాగంలో ఫంగస్ పట్టింది. హైదరాబాదులో ఒక కుర్రాడు స్కాన్ చేసి శుభ్రం చేసిచ్చినాడు. పిట్టకు ఏం కాలేదు. ప్రింటు కింద ఏం రాయాలో నేనే తెలుగులో రాసినాను. బట్టమేక పుంజు, రోళ్ళపాడు, 1996. పిట్టను చూపించినది ఎవరో చెప్తూ పెద్దాయన పేరు, ఇంటిపేరుతో సహా. చివర్లో, ఫొటో తీసిన చోటు ఫలానా వారి కొర్రచేను అని రైతు పేరు కూడా వేసినాను.

బడిలో ఫొటో మోసుకుపోయి గోడకు మేకు కొడుతుండగా ఆ రైతు కొడుకు వచ్చినాడు. చీటీ మొత్తం చదివినాడు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పినాడు:

"అంకుల్, నాయన పేరు ఉండనీ, బాగుంది. కానీ చేను మాట మాత్రం తీసెయ్యండి. రేపు ఫారెస్టోళ్లు చూస్తే మా పొలం కూడా దాంట్లో కలిపేస్తారు. మొన్ననే బోరు వేయించినాను."